మా నాన్న మీసం చుట్టూ ఎర్ర గీత

మొన్న నేను మా నాన్నని దొంగిలించి పట్టుబడ్డాను. నవ్వకండి, నిజం! క్షమాపణ పత్రం కూడా రాసిచ్చాను. స్కూల్ లెటర్‌హెడ్ మీద, ఇంగ్లీషులో, కింద హెడ్‌సార్ స్టాంపుతో సహా. ఇన్నేళ్ళ సర్వీసులో నా పేరు మీద స్కూలు ఇచ్చిన మొదటి కాయితం అదే.

టీ చల్లారిపోతోంది, తాగుతూ వినండి. రమా, నువ్వు ఆ ఫ్రిజ్ పక్క క్యాలెండర్ దగ్గర్నుంచి ఇవతలకి రా తల్లీ! కథంతా దాని గురించే. అయ్యాక చూద్దువుగాని. పార్వతిగారు బరంపురానికి, ఈ లంజిపల్లి పేటకి కొత్త కదా, ఆవిడ కోసం మొదట్నుంచీ చెప్తాను.

మాది గేట్ బజార్ వ్యాపారస్తులు చందాలేసి నడిపే స్కూలండీ. పెద్ద సెక్షన్లు ఒడియావి, ఓ మూల మా తెలుగు సెక్షన్. నేను తెలుగు టీచర్ని. ఆ స్కూల్లో పేరు లేని వస్తువు ఒక్కటి కనపడదు. ఎవరైనా ఫ్యాన్ ఇచ్చారనుకోండి, ఒక రెక్క మీద వాళ్ళ తండ్రి పేరు, ఒక రెక్క మీద తల్లి పేరు, మూడో రెక్క మీద ఇచ్చినవారి పేరు. బెంచీకి వీపు మీద, బీరువాకి తలుపు మీద, మంచినీళ్ళ ట్యాంకుకైతే మనవల పేర్లు కూడా! స్టాఫ్‌రూమ్ గడియారంలో దాత పేరు ఎంత పెద్దదంటే పన్నెండు అంకె పక్కకి జరగాల్సొచ్చింది.

ఆ పేర్లన్నీ రాసిందెవరు? నేనే. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడూ గుండ్రంగా రాసే చెయ్యి స్కూల్లో నాదొక్కటే మరి. ఎవరు ఏమిచ్చినా వెంటనే కబురొస్తుంది, "టీచరమ్మని బ్రష్షట్టుకుని రమ్మను" అని. ఫ్యాను తిరిగితే రెక్కల మీద పేర్లు కనపడవు కదా, అందుకని మా స్కూలు కమిటీ సెక్రటరీగారు వస్తే ముందు ఫ్యాన్లు ఆపుతాం. మే నెలలో కూడా.

ఇక బొమ్మ సంగతి. చాలా ఏళ్ళ కిందటి మాట. మా తెలుగు వాచకంలో సంత గురించి ఓ పాఠం ఉండేది. అందులో బొమ్మ చూసి మా పిల్లలు "ఇదే ఊరు మేడమ్?" అనేవారు. పాపం, వాళ్ళకి తెలిసిన సంత గేట్ బజారే. సరే, వాళ్ళ బజారే వాళ్ళకి చూపిద్దామని వేసవి సెలవుల్లో నా సొంత డబ్బులతో రంగులు కొనుక్కుని, క్లాసు గోడ ఈ చివర్నుంచి ఆ చివరిదాకా గేట్ బజార్ వేశాను. సరిహద్దు ఊరు గిరిసోల నుంచి బస్సులో వచ్చే కూరగాయల ఆడవాళ్ళు, వాళ్ళ బుట్టలు, మీద ఒడియా కింద తెలుగు రాసిన బోర్డులు, దారికడ్డంగా నిలబెట్టిన సైకిళ్ళు, బట్టల కొట్టు ముందు బేరమాడుతున్న పెళ్ళివారు. మధ్యలో మా నాన్న పప్పుల కొట్టు.

కొట్లో మా నాన్న. కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టుకుని, ఒక చేత్తో పొట్లం పట్టుకుని, దారం పళ్ళతో తెంపుతూ! ఆయనకి కత్తెర ఉండేది. వాడేవాడు కాదు. ఎన్నిసార్లు చెప్పినా పళ్ళతోనే తెంపేవాడు. రోజూ సాయంత్రం స్కూలు నుంచి తిన్నగా కొట్టుకెళ్ళి, ఎదురుగా స్టూలేసుకుని కూచుని, ఆయన్ని కాయితమ్మీద గీసుకుని, మర్నాడు గోడమీదకి ఎక్కించేదాన్ని. ఆ కాయితాలతో తర్వాత ఆయనే పొట్లాలు కట్టేసేవాడు.

"ఏటే అలాగ సూస్తన్నావు? నా మొహాన ఏటన్నా అంటుకుందేటి?" అనేవాడు.

"అంటుకుంది, కందిపప్పు" అనేదాన్ని.

ఆ మరుసటి చలికాలం స్కూలుకి ఒకాయన వచ్చాడు. ముప్పై అయిదు దాటి ఉంటాయి, మెడలో పెద్ద కెమెరా. చదువుకి పనికొచ్చే బొమ్మలన్నీ ఒకచోట పోగేస్తున్నారట, టీచర్లకి ఉపయోగమట. అప్పటి హెడ్‌సార్ ఆయన చేతిలో కాయితాన్ని చదవకుండా సంతకం పెట్టేశారు. నేనేమన్నా తక్కువ తిన్నానా? బెంచీలు జరిపించాను. వెలుతురు సరిగ్గా పడాలని కిటికీ తలుపు పట్టుకుని ఆయన ఫోటోలు తీసినంతసేపూ నిలబడ్డాను. నా డబ్బాలో ఉప్మా సగం ఆయనకే పెట్టాను. అంత మర్యాద మా అల్లుడికి కూడా చెయ్యలేదు.

వెళ్ళేముందు ఆయన నోట్‌బుక్ తీసి అడిగాడు కూడా. అది మాత్రం ఒప్పుకోవాలి.

"మేడమ్, ఈ పెయింటింగ్ ఎవరు వేశారు? పేరు రాసుకుంటాను."

నేనేమన్నానో తెలుసా? "పేరెందుకు బాబూ! ఎవరో ఒకరేశారులే. పిల్లల కోసం."

అబ్బ, ఎంత గొప్పగా అనిపించిందో ఆ క్షణాన! స్కూలంతా పేర్ల పిచ్చోళ్ళు, నేనొక్కదాన్నే పేరక్కర్లేని మనిషిని అని లోపల్లోపల పొంగిపోయాను. వినయం కాదండీ అది, శుద్ధ పొగరు. చూసినవాళ్ళెవరూ లేరు కాబట్టి దాన్ని వినయమనుకున్నాను.

తర్వాత నాన్న పోయాడు. ఇంట్లో ఆయన ఫోటో అంటే రేషన్ కార్డు కోసం తీసిందొక్కటే. కళ్ళజోడు తీసేయమన్నారట, మెడ బిగబట్టమన్నారట, ఎవరో పరాయి మనిషిలా ఉంటాడు అందులో. దానికే దండేశాం. అమ్మ దాని వైపు చూడదు. "ఆ మనిషి నాకు తెల్దు" అంటుంది. అందుకని ఏడాదికోసారి అమ్మని ఆటోలో స్కూలుకి తీసుకెళ్ళి, గోడమీద నాన్నని చూపించి తెచ్చేదాన్ని. ఆ గోడముందు బెంచీ మీద కాసేపు కూచునేది. నాకు ఫోటో తీసుకోవాలని తట్టలేదు. గోడ ఎక్కడికి పోతుంది అనుకున్నాను.

పోయింది! ఒక దసరా సెలవుల తర్వాత వెళ్ళి చూస్తే, గోడంతా గులాబీ రంగు. మా సెక్రటరీగారు సొంత ఖర్చుతో స్కూలంతా రంగులేయించారు. ఆయనకి గేట్ బజార్లో పప్పుల హోల్‌సేల్. మనిషి చెడ్డవాడు కాదు. చేతులు కట్టుకుని గోడలన్నీ చూస్తూ, "ఏటమ్మా టీచరమ్మా, ఎలాగుంది? పెళ్ళిల్లునాగ లేదూ?" అన్నారు.

నేనింకా ఆ గులాబీ రంగులో నాన్న ఎక్కడుండేవాడో వెతుక్కుంటున్నాను. ఆయనే మళ్ళీ, "ఆ ఖాళీ గోడ మీద పైన మా నాన్నగారి పేరొకటి రాసెయ్యమ్మా. రంగులేయించింది ఆయన జ్ఞాపకానికి" అన్నారు.

రాశాను. మా నాన్న మీద వేసిన రంగు మీద, వాళ్ళ నాన్న పేరు, నా చేత్తో, గుండ్రంగా. రాస్తున్నంతసేపూ పళ్ళు కొరుక్కుంటూనే ఉన్నాను. అయినా అక్షరం వంకర పోలేదు, అదీ నా దరిద్రం!

ఇక పోయినేడు మా టీచర్లకి ఒకరోజు ట్రైనింగ్ పెట్టారు. కాపీరైట్, స్కూళ్ళలో బొమ్మల వాడకం, ఫెయిర్ యూజ్ అంటే అడక్కుండా ఎంతవరకు వాడుకోవచ్చో, అవన్నీ. ఎవరూ వెళ్ళనంటే నన్ను పంపారు. తిరిగొచ్చేసరికి నేను స్కూలుకి కాపీరైట్ నోడల్ టీచర్ని! అంటే ఆ వ్యవహారాలన్నిటికీ నేనే బాధ్యురాలిని. స్టాఫ్‌రూమ్‌లో అందర్నీ కూచోబెట్టి క్లాసు పీకాను. క్లాసులో పిల్లలకి చూపించి పాఠం చెప్పడానికి బొమ్మ వాడుకోవచ్చు. పరీక్ష పేపర్లో పెట్టుకోవచ్చు. అదే బొమ్మ అచ్చేయించి బయట పంచితే, ప్రకటనల పక్కన పెడితే, స్కూల్ ఫేస్‌బుక్‌లో ఎక్కిస్తే, అడగాలి. కింద పేరు లేదు కదా అని యజమాని లేడనుకోకండి. బొమ్మ మీద కంపెనీ ముద్ర, అదే వాటర్‌మార్క్, చెరిపితే మాత్రం తెలిసి చేసినట్టే! ఇవన్నీ చార్టు మీద రాసి గోడకి అంటించాను. మా డ్రిల్ సార్ స్పోర్ట్స్ డే ఆహ్వానంలో ఎక్కడిదో పరుగు పందెం బొమ్మ పెడితే, పట్టుబట్టి తీయించేశాను. వారం రోజులు ఆయన నాతో మాట్లాడలేదు.

డిసెంబర్లో సెక్రటరీగారు వచ్చారు. ఫ్యాన్లు ఆగాయి.

"ఈ ఏడు స్కూల్ క్యాలెండర్‌కి దేవుడి బొమ్మొద్దమ్మా. ఏడాది అయిపోనాక పారేడానికి మనసొప్పదు. మా ఇంట్ల గోడలన్నీ పాత క్యాలెండర్లే. మన బజారు బొమ్మొకటి సూడు. రెండ్రోజుల్ల ప్రెస్సుకెల్లిపోవాల" అన్నారు. అడుగున సగం పేజీ వాళ్ళ కొట్టు ప్రకటన. ఏటా ఉండేదే. గేట్ బజార్లో ప్రతి కొట్లోనూ, ప్రతి పిల్లాడి ఇంట్లోనూ మా స్కూల్ క్యాలెండర్ వేలాడాల్సిందే.

మళ్ళీ వేద్దామని కూచున్నాను. బజారొచ్చింది, బుట్టలొచ్చాయి, నాన్న రాలేదు. అప్పుడు ఎదురుగా ఉండేవాడు, చూసి వేశాను. ఇప్పుడు గుర్తు తెచ్చుకుని వేస్తే, నాలుగుసార్లూ నాన్న మొహం బదులు మా హెడ్‌సార్ వచ్చారు. విసుగొచ్చి, ఎలాంటి బజారు బొమ్మలు ఉన్నాయో చూద్దామని ఫోన్లో వెతికాను. వేలుతో పైకి తోస్తున్నాను, తోస్తున్నాను. ఆగిపోయాను.

మా నాన్న! కళ్ళజోడు నుదుటి మీద, దారం పళ్ళ మధ్య. నా గోడ, నా బుట్టలు, నా సైకిళ్ళు. బొమ్మలూ ఫోటోలూ అమ్ముకునే ఏదో కంపెనీ పేజీలో. కింద ఇంగ్లీషులో, 'విలేజ్ షాప్‌కీపర్ ఈటింగ్ సమ్‌థింగ్' అని. విలేజట! బరంపురం విలేజట! ఏదో తింటున్నాడట! మా నాన్న మొహానికి అడ్డంగా, నుదుటి నుంచి గెడ్డం దాకా, ఆ కంపెనీ ముద్ర.

అమ్మని కేకేశాను. అమ్మ ఫోన్ రెండు చేతుల్తో పట్టుకుని చూసింది. "ఒలమ్మ! మీ నాన్నే! దారం తెంపుతన్నాడే!" అని, చీర కొంగుతో ఫోన్ అద్దం తుడిచింది. మళ్ళీ తుడిచింది. "మొహమ్మీద ఈ మరకేటే? పోదేటి?" అంది.

అదిగో, అక్కడ పోయింది నా నోడల్ బుద్ధంతా. చార్టు నేనే రాశాను, క్లాసు నేనే పీకాను, అన్నీ తెలుసు. తెలిసీ, నా బొమ్మ మీద వీడి ముద్రేమిటి అని కడుపు మండిపోయింది. ముద్ర తుడిచే యాప్ ఒకటి ఉంటుంది కదా, దాంతో వేలు పెట్టి రుద్దాను. ముద్ర పోయింది. దాంతోపాటు మీసం సగం పోయింది! అమ్మ చూసి, "ఇదేటే, ఎలక కొరికినట్టుంది మీ నాన్న మీసం" అంది. ఫోన్ మీదే వేలితో గీసి మీసం అతికించాను. ఎలా వచ్చిందంటారా? ఆ ఎలకే వచ్చి కూచున్నట్టు వచ్చింది. ఏమైతేనేం, మొహం కనిపిస్తోంది కదా అనుకున్నాను. ప్రెస్సుకి పంపేశాను.

క్యాలెండర్ వచ్చిన రోజు అమ్మ దండేసిన ఫోటో దించేసి, ఆ మేకుకే క్యాలెండర్ తగిలించింది. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకెళ్ళి దానెదురుగా కూచునేది. "పంచదార తక్కువేసినాను, తిట్టుకోకు" అనేది బొమ్మతో. నాకు కళ్ళనీళ్ళొచ్చేవి, పైకి నవ్వేదాన్ని.

నెల తిరక్కుండా స్కూలుకి మెయిల్ వచ్చింది. క్యాలెండర్ పేజీని మా వాళ్ళు ఫేస్‌బుక్‌లో పెట్టారు లెండి, అక్కడ పట్టేశారు. ఎడంపక్క వాళ్ళ బొమ్మ, కుడిపక్క మా క్యాలెండర్. మా నాన్న మీసం చుట్టూ ఎర్రటి గీత! పక్కన రాశారు, ముద్ర చెరిపివేయబడినది, చిత్రం వక్రీకరించబడినది అని. నేనే రాసిన చార్టులోని ప్రతి పాయింటూ అందులో ఉంది, నంబర్లతో సహా. కాపీరైట్ నోడల్ టీచర్‌కి మొదటి కేసు నేనే. డ్రిల్ సార్ మెల్లగా వచ్చి, "మేడమ్, ఫెయిర్ యూజ్ అంటే ఏమిటో ఇంకోసారి చెప్తారా? ఆ రోజు సరిగ్గా వినలేదు" అన్నారు.

బొమ్మ నాదేనని, మొహం మా నాన్నదేనని నాలుగు పేజీలు రాసి పంపాను. రెండు లైన్ల జవాబొచ్చింది. చాలా మర్యాదగా. మీదైతే సంతోషం, నిరూపించండి. సంతకం ఉన్న అసలు చిత్రం గానీ, మీరు వేస్తుండగా తీసిన ఫోటో గానీ పంపండి. ఫోటోకి అప్పట్లో మీ స్కూలు ఇచ్చిన అనుమతి పత్రం మా దగ్గర ఉంది, అందులో చిత్రకారుడు తెలియదు అని నమోదైంది.

తెలియదట! నా ఉప్మా తిన్న చేత్తో రాసుకున్నాడు.

సంతకం చెయ్యలేదు. ఫోటో తియ్యలేదు. మిగిలింది గోడ. అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు, డబ్బాలో చెంచా పట్టుకుని క్లాసులోకి వెళ్ళి, స్టూలెక్కి గీకడం మొదలుపెట్టాను. గులాబీ రంగు ఎంత గట్టిదనుకున్నారు! గీకగా గీకగా ఒక వంకాయ బయటపడింది. వంకాయతో నేనేం నిరూపించను? నాన్న ఇంకాస్త పైన ఉండాలి అని పైకి గీకాను. అంతలో వెనక నుంచి అరుపు.

"ఏటమ్మా ఇది! మా నాన్న పేరు గీకేస్తన్నావేటి!"

సెక్రటరీగారు. కంగారులో ఎంత పైకి వెళ్ళానో చూసుకోలేదు. వాళ్ళ నాన్నగారి పేరులో చివరక్షరం నా చెంచాలో ఉంది.

"సెక్రటరీగారూ, దీని కింద మా నాన్న ఉన్నాడండీ" అన్నాను.

ఆయన నా వైపు, చెంచా వైపు, వంకాయ వైపు చూశారు. "మీ నాన్న నాకు తెల్దేటమ్మా? నా పక్క కొట్టే గదా. మంచి మనిషి. మరి గోడలోకి ఎందుకొచ్చాడు?"

"ఇక్కడ బొమ్మ ఉండేది కదండీ. మీరు ఎన్నిసార్లు ఈ క్లాసుకొచ్చారు! గుర్తు తెచ్చుకోండి. మీరొక్క మాట రాసిస్తే చాలు."

"నేను సూణ్ణేదమ్మా" అన్నారాయన, అబద్ధమాడే మనిషి కాదు. నిజమే. ఆయన ఏ క్లాసుకొచ్చినా తలెత్తి ఫ్యాను రెక్కలే చూసేవారు.

మర్నాడు ఆఫీస్‌రూమ్‌లో కూచోబెట్టారు. ఫ్యాను ఆపారు. క్షమాపణ పత్రం టైపు చేసి సిద్ధంగా ఉంది. మీ సొత్తైన చిత్రాన్ని అనుమతి లేకుండా వాడాను, మీ ముద్ర చెరిపాను, ఈ చిత్రం మీద నాకెలాంటి హక్కూ లేదని ఒప్పుకుంటున్నాను. హెడ్‌సార్ ఒడియా మనిషి, మెత్తని మనిషి. "కిచ్ఛి అసుబిధా నాహిఁ మేడమ్, ఇబ్బందేమీ ఉండదు. ఒక్క సంతకం" అంటూ పెన్ను మూత తీసి మరీ ఇచ్చారు.

"నేను పెట్టను సార్. అది మా నాన్న బొమ్మ. నాది."

సెక్రటరీగారు కండువాతో చెమట తుడుచుకున్నారు. "నీదే కావొచ్చమ్మా. కాదని నేనన్నానా? కాయితం కావాల గదా. ఇది పై ఆఫీసుకెల్లిందనుకో, తెలుగు సెక్షన్ ఎందుకింకా అని అడగడానికి ఆళ్ళకో సాకు. ఉన్నదే గుప్పెడు పిల్లలు. నీకు నాన్న కావాలా, పిల్లలు కావాలా సెప్పు."

అలా అడగొచ్చా ఎవరైనా? అడిగారు. పెట్టాను సంతకం. బొమ్మ వేసినప్పుడు మూల పెట్టాల్సిన సంతకం, ఇన్నేళ్ళ తర్వాత అక్కడ పెట్టాను. ఎంత అందంగా వచ్చిందో!

కంపెనీ వాళ్ళు ఎంతో దయగా జవాబిచ్చారు. మీరు విద్యాసంస్థ కాబట్టి సానుభూతితో ఆలోచించాం, క్యాలెండర్ వెనక్కి తీసుకోనక్కర్లేదు. ప్రతి కాపీలోనూ బొమ్మ కింద, 'ఫలానా కంపెనీ వారి సౌజన్యంతో, వారి అనుమతితో' అని ఉండాలి, అంతే. పంచినవాటి మీద కూడా. రాశాక ఫోటోలు పంపాలి. కంపెనీ పేరు మీకు చెప్పను, దానిక్కూడా అనుమతి కావాలేమో.

ప్రతి కాపీ మీదా చేత్తో ఎవరు రాస్తారు? స్టాఫ్‌రూమ్‌లో అందరూ ఒక్కసారే నా వైపు తిరిగారు.

మూడు రోజులు గేట్ బజార్లో కొట్టు కొట్టుకీ తిరిగాను. స్టూలడగడం, ఎక్కడం, రాయడం, దిగడం, ఫోటో తీయడం. బట్టల కొట్టాయన కింద నుంచి, "ఒలే, ఈయన మన పప్పుల శెట్టిగారు గదా! దారం తెంపుతన్నాడు సూడు! నువ్వే ఏసినావా అమ్మా? పేరు రాస్కుంటన్నావా? రాస్కో రాస్కో" అన్నాడు. బెల్లం కొట్టాయన అయితే దండం పెట్టాడు. ప్రతి కొట్లోనూ నాన్నని గుర్తుపట్టారండీ! నాకు సాక్షులు ఎంతమందో ఉన్నారని, సంతకం పెట్టాక తెలిసింది. స్టూలు మీద నిలబడి, వాళ్ళందరి ఎదుట, మా నాన్న కాళ్ళ దగ్గర, ఎవరో పేరు రాశాను. ఒక్కో అక్షరానికి ఒక్కో తిట్టు లోపల్లోపల తిట్టుకున్నాను. చెయ్యి మాత్రం గుండ్రంగా రాస్తూనే ఉంది. ఈ చేతిని ఏం చెయ్యాలో నాకు తెలీడం లేదు.

మిగిలిన కట్టలు ఇంటికి తెచ్చుకుని రాస్తుంటే, అమ్మ వచ్చి కూచుని ఒక్కొక్కటీ అందించింది. అమ్మకి చదవడమంటే ఒడియా ఒక్కటే వచ్చు, ఇంగ్లీషు రాదు.

"ఇన్నిట్నీ ఏటి రాస్తన్నావే? నీ పేరేనా?"

"కాదమ్మా. ఫోటో తీసినవాళ్ళది."

"ఆళ్ళు ఫోటో తీసినారు. నువ్వు బొమ్మేసినావు." అమ్మ కాసేపు లెక్కేసుకుంది. "మరి మనిషి నా మనిషి గదే! నా పేరు ఎక్కడ రాసినావు?"

నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చేశాను. ఈ ముక్క నాలుగు పేజీల ఉత్తరంలో నాకెందుకు తట్టలేదు?

మా ఇంటి క్యాలెండర్ ఒక్కటి మిగిలింది. అమ్మ మేకు నుంచి తీసి తెచ్చి నా ముందు పెట్టింది. దాని మీద ఆ లైను రాయలేదు. అమ్మ చదువుకోవాలని ఒడియాలో రాశాను. 'బొమ్మ వేసినది కూతురు' అని రాసి నా పేరు. 'బొమ్మలో మనిషి ఈమె సొత్తు' అని రాసి అమ్మ పేరు. పెన్సిల్‌తో మీసం కూడా సరిచేశాను. అమ్మ రెండుసార్లు పైకి చదువుకుని, మేకు మార్చి, నడుస్తూ చూడొచ్చని ఇక్కడ ఫ్రిజ్ పక్కన తగిలించింది.

అర్థమైందా ఏం చేశానో? మొదటిసారి చెయ్యని దొంగతనానికి ఒప్పుకుని సంతకం పెట్టాను. నాకే హక్కూ లేదని రాసిచ్చాక, ఆ బొమ్మ కింద నా పేరు రాసుకున్నాను చూడండి, ఇదీ అసలు దొంగతనం. ఇప్పుడు పట్టుకుంటే తిరుగులేదు. చార్టు ప్రకారం కూడా తప్పే.

ఏయ్ రమా! ఫోన్ ఎందుకు ఎత్తావు? సరే, తీసుకో, నాన్న మొహం బాగా పడేలా తీసుకో. కింద పేర్లు రానివ్వకు. ఎక్కడన్నా పెడితే, ఎవరేశారని ఎవరైనా అడిగితే మాత్రం నా పేరు చెప్పకు తల్లీ. ఎవరో ఒకరేశారులే అను.